బల్లకు అవతలివైపు

పిట్టకు ముప్పై దాటి చాన్నాళ్ళయింది. చిన్నప్పుడు సన్నగా ఉండేదని ఎవరో పెట్టిన పేరు, మనిషి ఒళ్ళు చేసినా పేరు మాత్రం ఊడలేదు. ఆమె పని పాటలు వేయడం. పాడటం కాదు, వేయడం. ఆదివారం మధ్యాహ్నాలు డాన్సు హాల్లో, మిగతా రోజుల్లో ఎవరి పుట్టినరోజుకో, ఏ కంపెనీ వాళ్ళ విందుకో. ఎక్కడికెళ్ళినా మామయ్యతోనే. మామయ్యంటే పిట్ట తల్లికి స్వయానా తమ్ముడు. హాల్లో ఆడే జనం కూడా వయసుతో పని లేకుండా ఆయన్ని మైకు మామయ్య అనే పిలుస్తారు. మైకు చేతికొస్తే ఇక ఎవరికీ ఇవ్వడనీ, ఇంట్లో తనకు మాట్లాడే వంతే రాదనీ ఆయన పెళ్ళాం అంటుంది.

వీళ్ళు పనిచేసే పద్ధతి చూస్తే ఈ వృత్తిలో ఉన్నవాళ్ళెవరైనా ముక్కున వేలేసుకుంటారు. హాల్లో వేదిక మహా ఇరుకు. బల్లకూ గోడకూ మధ్య జాగాను మామయ్య పొట్ట ఒక్కటే నింపేస్తుంది. ఇంకో మనిషి దూరాలంటే గోడ జరగాలి. అందుకని పిట్ట మొదటి రోజు నుంచీ బల్లకు అవతలివైపు, జనానికి వీపు పెట్టి, మామయ్యకు ఎదురుగా నిలబడింది. మొదట్లో పెట్టెలోంచి డిస్కులు తీసి అందించేది. తరవాత ఆయన మైకులో కబుర్లు చెబుతున్నంతసేపూ పాటలు కలిపే మిక్సర్ మీద చెయ్యేసి ఉంచేది. కబుర్లు పెరిగేకొద్దీ చెయ్యి అక్కడే ఉండిపోయింది. లాప్‌టాప్ వచ్చేసరికి దాని తెర కూడా పిట్ట వైపే తిరిగింది. మామయ్యకు మైకూ మొహమూ మిగిలాయి.

దాంతో పిట్ట మిక్సర్‌ను తలకిందులుగా నేర్చుకుంది. మిక్సర్ మీద ఒక్కో పాటకు ఒక్కో ఫేడర్ ఉంటుంది, అంటే ముందుకీ వెనక్కీ జరిపే మీట. నిలబడాల్సిన చోట నిలబడ్డవాళ్ళు దాన్ని ముందుకు తోస్తే పాట పెరుగుతుంది. పిట్టకు మాత్రం తనవైపు లాక్కుంటే పెరుగుతుంది. అందరికీ ఎడమచేతివైపున్న పాట ఆమెకు కుడిచేతివైపు. అక్షరాలన్నీ తిరగబడి కనిపిస్తాయి కనక వాటిని చదవడం ఎప్పుడో మానేసింది. చేతులకు అంతా కొట్టిన పిండి. ఇటువైపు వచ్చి చెయ్యమని ఎవరైనా అంటే ఏమవుతుందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. అనేవాళ్ళు ఉంటే కదా.

ఇక హాలు సంగతి. వీపు వెనక జనం ఆడుతున్నారో, కుర్చీల్లో కూలబడ్డారో పిట్టకు తెలిసేది మామయ్య మొహంలోనే. ఆయన మూతి బిగిస్తే జనం చల్లబడ్డారని అర్థం, వెంటనే పాట మార్చేది. కనుబొమ్మలు లేస్తే ఊపు పెంచేది. గడ్డం మెల్లగా ఆడుతుంటే అంతా బాగున్నట్టు, అదే దారిన పోయేది. ఇదేమీ ఇద్దరూ కూర్చుని చేసుకున్న ఒప్పందం కాదు. ఇలా చూడమని మామయ్య చెప్పలేదు, ఇలా చూస్తున్నానని పిట్ట చెప్పలేదు. పదకొండేళ్ళలో చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు, అంతే. పైగా తన మేనకోడలికి వీపున కళ్ళున్నాయని మామయ్య కనిపించినవాళ్ళందరికీ చెప్పుకు తిరిగేవాడు.

ఆ హాలును కొన్నాళ్ళు మూసి బాగుచేయించారు. తెరిచేసరికి వేదిక లేదు. ఒక మూలన సన్నటి స్టాండు పెట్టారు. దానికి ముందు ఛాతీ దాకా చెక్క పలక, వెనక ఒక్క మనిషి పట్టే జాగా, అదీ జనానికి ఎదురుగా. హాలు మేనేజరు దాన్ని చూపించి తెగ మురిసిపోయాడు. ఇకమీదట ఇద్దరెందుకు అని కూడా అడిగాడు. మామయ్య ఏమాత్రం నొచ్చుకోకుండా, పిల్ల చేస్తుంది, నాకూ ఒకచోట కూర్చుని వినాలని ఉంది, అనేశాడు. మేనేజరు అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వచ్చే ఆదివారం చూస్తాననీ, జనం కూర్చుండిపోతే మాత్రం ఇక మనిషితో పని లేదనీ, పాటలు ముందే వరసగా పేర్చుకుని తనే ఒక మీట నొక్కుకుంటాననీ అన్నాడు. అంటూ నవ్వాడు కూడా. కొంతమంది నవ్వకుండా ఏ మాటా అనలేరు.

హాలు పోతే మిగతావీ పోతాయి. పుట్టినరోజులకు పిలిచేవాళ్ళంతా అక్కడ ఆడి, అక్కడ విని పిలిచినవాళ్ళే. పిట్టకు వేరే పని రాదు, నేర్చుకోవాలనీ లేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాక, నాకు భయంగా ఉందమ్మా, అని తల్లితో చెప్పేసింది. భయపడితే పాటలు పడతాయా, ముందు తిను, అంది తల్లి. ఆవిడ దగ్గర ఓదార్పు ఎప్పుడూ ఆ కొలతలోనే దొరుకుతుంది.

పాత మిక్సర్ ఆ స్టాండులో పట్టదు. అసలే ముసలిది, ఒక ఫేడర్ ముట్టుకుంటే చాలు గరగరమంటుంది. లాప్‌టాప్‌తో కలిసి పనిచేసే కొత్తది కొనాలి. అందుకని మామయ్యా మేనకోడలూ మర్నాడే దుకాణానికి బయల్దేరారు.

సంగీత పరికరాలు అమ్మే ఆ దుకాణంలో మిక్సర్లు పైఅంతస్తులో ఉన్నాయి. అక్కడ ఒక అమ్మాయి హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని, ఎవరొచ్చినా ఒకటే పోయినా ఒకటే అన్నట్టు కూర్చుని ఉంది. ఏం కావాలని ఆమె అడగడమే ఆలస్యం, మామయ్య అందుకున్నాడు. లాప్‌టాప్‌ను నమ్మకూడదన్నది ఆయన సిద్ధాంతం. ఒకసారి ఎవరిదో విందులో అది బిగుసుకుపోతే, తిరిగి లేచేదాకా తను మైకులో కబుర్లు చెప్పి హాలును ఎలా నిలబెట్టాడో మొత్తం వివరించాడు. కనక లాప్‌టాప్ చచ్చినా మైకు బతికుండాలి. అది లేని మిక్సర్ తనకు చూపించొద్దు. ఆ అమ్మాయి అంతా విని, మిక్సర్ ఎవరికి అని అడిగింది. మామయ్య పక్కకు తప్పుకున్నాడు.

మొదట చూపించింది ఇనుప ఒంటిది. మామయ్య దాన్ని చూడగానే మనసు పారేసుకున్నాడు. రెండు చేతులతో ఎత్తి చూసి, బరువుంది, మంచిది, అన్నాడు. ఆయన లెక్కలో బరువున్నవన్నీ మంచివే, తనతో సహా. పాటల శబ్దమంతా ఆ పెట్టెలోంచే పోతుందనీ, లాప్‌టాప్ ఉన్నా లేకపోయినా మైకు మోగుతుందనీ అమ్మాయి చెప్పింది. రెండు పాటలు పెట్టి, వేసి చూడమని పిట్టను పిలిచింది.

పిట్ట జీవితంలో మొదటిసారి మిక్సర్‌కు ఇటువైపు నిలబడింది. ఒక పాట నడుస్తోంది. రెండోదాన్ని మెల్లగా పైకి తేవాలి. అలవాటు ప్రకారం ఒక ఫేడర్ తనవైపు లాక్కుంది, ఇంకోటి అవతలికి తోసింది. నడుస్తున్న పాట టక్కున ఆగిపోయింది, రెండోది దుకాణం అదిరేట్టు అరిచింది. కింద గిటార్లు చూస్తున్నవాళ్ళు మెట్ల దగ్గరికొచ్చి తలలెత్తి చూశారు. కంగారులో సర్దబోయి అరిచేదాన్ని ఇంకా అరిపించింది. చివరికి అమ్మాయే చెయ్యి జాపి ఆపింది. ఆమె మొహంలో జాలి లేదు, వెటకారం లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం ఇంకోటి ఉంది, చూపించనా, అని మాత్రం అడిగింది.

పిట్టకు ఒళ్ళు మండింది. ఆమె బల్ల చుట్టూ తిరిగి అవతలివైపుకు వెళ్ళింది. అమ్మేవాళ్ళు నిలబడే చోట నిలబడి, అక్షరాలన్నీ తిరగబడి ఉన్న ఆ మిక్సర్ మీద చెయ్యి వేసి, రెండు పాటల్నీ ఒకదానిలోంచి ఇంకోటి పుట్టిందేమో అన్నంత నున్నగా కలిపింది. మెట్ల దగ్గరివాళ్ళు ఆ పాట అయ్యేదాకా అక్కడే ఉన్నారు. ఆ అమ్మాయి మొదటిసారి కుర్చీలోంచి లేచింది.

వాళ్ళు చెప్పిన సంగతంతా విన్నాక ఆ అమ్మాయి, అయితే మిక్సర్‌నే తిప్పి పెట్టుకుంటే సరిపోతుంది కదా, అంది. పిట్టకూ అదే తోచింది. కానీ వైర్లు గుచ్చే కన్నాలన్నీ మిక్సర్ వెనక ఉంటాయి. తిప్పిపెడితే అవన్నీ పిట్ట పొట్టలోకొస్తాయి. హెడ్‌ఫోన్స్ కన్నం పలక వైపుకు పోయి నలిగిపోతుంది. ఆ ఇరుకు స్టాండులో కుదిరే పని కాదు. కుడిచేత్తో రాసేవాణ్ణి వారంలో ఎడమచేత్తో రాయమన్నట్టుంది, ఎలాగే, అని మామయ్య తల గోక్కున్నాడు.

అప్పుడా అమ్మాయి తేలికపాటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చింది. మామయ్య దాన్ని ఒక్క వేలితో జరిపి మొహం తిప్పుకున్నాడు. ఇందులోంచి పాట పోదు, మిడి ఒక్కటే పోతుంది, అంది అమ్మాయి. మిడి అంటే ఏమిటో తనకు తెలుసన్నట్టు మామయ్య తలాడించాడు. తెలియదని ఆమె కనిపెట్టింది.

"మిడి అంటే శబ్దం కాదండీ, కబురు. మీరు ఫేడర్ జరిపితే ఫలానా ఫేడర్ ఇంత జరిగిందని లాప్‌టాప్‌కి కబురెళ్తుంది. ఆ కబురందాక పాట పెంచాలా తగ్గించాలా అన్నది లాప్‌టాప్ ఇష్టం. అంటే మీ ఇష్టం. మీరెలా నేర్పితే అలా చేస్తుంది."

పిట్ట ఆ మాట దగ్గర ఆగిపోయింది. అయితే తనవైపు లాగితే పెరగాలని నేర్పొచ్చా అని అడిగింది. నేర్పొచ్చు. ఎడమది కుడి చెయ్యొచ్చా? చెయ్యొచ్చు. గుండ్రటి పిడుల్లాంటి నాబులు మాత్రం ఎటునుంచి తిప్పినా ఒకేవైపు తిరుగుతాయి కనక వాటితో గొడవ లేదు, వరస మార్చుకుంటే చాలు. అవతల నిలబడ్డప్పుడు ఏ నాబు దగ్గరగా ఉండేదో, ఇప్పుడు దగ్గరగా ఉన్నదానికి ఆ పని అప్పజెప్పాలి. ఒక్క తేడా ఏమిటంటే, ఇన్నాళ్ళూ దూరాన ఉన్న ఫేడర్లు ఇప్పుడు చేతి దగ్గరికొస్తాయి. దగ్గరికొచ్చాయని బాధపడేవాళ్ళెవరూ ఉండరు.

కానీ మామయ్య పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. లాప్‌టాప్ బిగుసుకుంటే ఈ డబ్బాలో మైకు కూడా చస్తుందా అని అడిగాడు. చస్తుందని అమ్మాయి ఒప్పుకుంది. అయితే వద్దన్నాడు. పిట్టేమో, ఆ ఇనుపది తిరగెయ్యడానికి వీల్లేదు కనక అదీ వద్దంది. ఇద్దరూ దుకాణం మధ్యలో నిలబడి కాసేపు వాదించుకున్నారు. మైకు పట్టుకునేది ఇక నువ్వు కాదు కదా, అని పిట్ట ఒక మాట అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. మామయ్య వైర్లు తగిలించిన గోడ వైపు చూస్తూ, నువ్వు పట్టుకున్నా అది మోగాలి కదమ్మా, అన్నాడు.

ఆ మాటకు ఆ అమ్మాయికి ఏమనిపించిందో, లోపలికి వెళ్ళి మూడోది పట్టుకొచ్చింది. చూడ్డానికి ఏ అందమూ లేదు. మైకు మాత్రం దానిలోంచి తిన్నగా స్పీకర్లకు పోతుంది, లాప్‌టాప్ బతికున్నా చచ్చినా దానికి పట్టదు. పాటల ఫేడర్లూ నాబులూ మాత్రం మిడి మీద నడుస్తాయి, ఎటు కావాలంటే అటు తిప్పి నేర్పుకోవచ్చు. మామయ్య ఎత్తి చూశాడు. బరువు మరీ తక్కువేం కాదు. ధర విని ఒకసారి దగ్గి, సరే అన్నాడు. అమ్మాయి అక్కడే కూర్చుని ఒక్కో ఫేడర్‌నూ కదుపుతూ, వాళ్ళు తెచ్చుకున్న లాప్‌టాప్‌లో ఒక్కోదాన్నీ తిరగేసింది. పిట్ట ఇటువైపు నిలబడి రెండు పాటలు కలిపింది. చేతులు ఎక్కడా తడబడలేదు. మామయ్యకు ఆనందం ఆగలేదు, పెద్ద గండం గడిచిందన్నాడు. చేతుల సంగతి ముగ్గురూ చూసుకున్నారు. చేతులకు ఏం చెయ్యాలో చెప్పే సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

వారమంతా పిట్ట ఇంట్లో భోజనాల బల్ల మీద సాధన చేసింది. మధ్యాహ్నం కునుకు పట్టనివ్వడం లేదని తల్లి సణిగింది, సణుగుతూనే కాలు ఆడించింది. మామయ్య రోజూ వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుని వినేవాడు. ఆయన మొహం చూస్తూ పాటలు మార్చింది కనక అంతా బాగున్నట్టే అనిపించింది. భయం సగానికి సగం పోయింది.

ఆదివారం హాలు నిండింది. బాగుచేశాక ఎలా ఉందో చూద్దామని వచ్చినవాళ్ళే చాలామంది. మామయ్య తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్టాండుకు సరిగ్గా ఎదురుగా గోడవారన కుర్చీలో కూర్చున్నాడు. మైకు లేని చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు. పిట్ట పలక వెనక నిలబడింది. మొదటి పాటకే జనం లేచారు. ఆమె ఎప్పటిలాగే మామయ్య కోసం చూసింది. ఆడేవాళ్ళు అడ్డొస్తుంటే మెడ పక్కకు సాచి, భుజాల మధ్యనుంచి వెతికి ఆయన మొహం పట్టుకుంది. గడ్డం ఆడుతోంది, పెదాల మీద నవ్వుంది. బాగుందన్నమాట. అదే దారిన పోయింది.

ఇంకో పాట, ఇంకో పాట. గడ్డం ఆడుతూనే ఉంది. చేతులు చెప్పినట్టు వింటున్నాయి, ఫేడర్లు చెప్పినట్టు వింటున్నాయి. కాసేపటికి మెడ సాచాల్సిన పని కూడా లేకపోయింది, మామయ్య మొహం ఏ అడ్డూ లేకుండా స్పష్టంగా కనిపిస్తోంది. మధ్యలో మనుషులు లేరు కాబట్టే కనిపిస్తోందని తట్టడానికి ఆమెకు ఇంకో పాట పట్టింది.

చూసేసరికి నేల ఖాళీగా ఉంది. ఒక జంట మాత్రం ఆడుతోంది, వాళ్ళూ మాట్లాడుకుంటూ ఆడుతున్నారు. జనమంతా గోడలవెంట కుర్చీల్లో ఉన్నారు. మేనేజరు స్విచ్చుల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పిట్ట మళ్ళీ మామయ్య వైపు చూసింది. అదే నవ్వు, అదే గడ్డం. ఇంత ఖాళీ హాలు ఎదురుగా పెట్టుకుని ఆయన అలా ఎలా నవ్వగలుగుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు. కోపం వచ్చింది. ఆ మొహం ఇవాళ అబద్ధం చెబుతోందన్నది మాత్రం అర్థమైంది. చూసుకోవడానికి ఆమెకు ఉన్నది ఆ ఒక్క మొహమే.

పాట అయిపోవస్తోంది. ఆమె కళ్ళు బలవంతాన మామయ్య మీదనుంచి తీసి పక్కకు తిప్పింది. ఇన్నేళ్ళుగా వీళ్ళు ఆమెకు మొత్తంగా జనం. ఇప్పుడు చూస్తే ఒక్కొక్కరూ ఒక్కో తీరున ఉన్నారు. ఒకాయన చెప్పులు విప్పేసి కాళ్ళు చాపుకున్నాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళలా ఉన్నవాళ్ళు ఏదో మాట మీద పోట్లాడుకుంటున్నారు. ఒక పాప తల్లి ఒళ్ళో నిద్రపోయింది. వీళ్ళందరిలో ఎవర్ని చూసి పాట వెయ్యాలి? ఊపు తగ్గిందేమోనని జోరైన పాట ఒకటి అందుకుంది. ఆడుతున్న ఆ ఒక్క జంటా నవ్వుకుంటూ వెళ్ళి కూర్చున్నారు. మేనేజరు చేతులు విప్పాడు.

అప్పుడు ఒక పెద్దావిడ కనిపించింది. ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, దాని మీద రెండు వేళ్ళతో తాళం వేస్తోంది. హాల్లో నడుస్తున్న పాటకు కాదు, ఇంకా నెమ్మదైన దేనికో. ఆ జోరు పాటను సగంలో వదిలేస్తే తప్పు తెలిసిపోతుంది. తెలిస్తే తెలియనీ అనుకుని పిట్ట దాన్ని దించేసి, ఆ వేళ్ళ నడకకు సరిపోయే పాత పాట ఒకటి పైకి తెచ్చింది. పెద్దావిడ వేళ్ళు ఆగాయి. సంచీ పక్కనున్నావిడకు అప్పగించి, ఎవరినీ తోడు పిలవకుండా, నేల మధ్యకు నడిచొచ్చి ఒక్కతే ఆడడం మొదలుపెట్టింది. చెప్పులు విప్పినాయన అలాగే వట్టికాళ్ళతో లేచాడు. పోట్లాడుకుంటున్న ఇద్దరూ పోట్లాట ఆపకుండానే లేచారు. ఆ తరవాత పిట్ట వట్టికాళ్ళాయన్ని చూసి ఒక పాట వేసింది, అక్కచెల్లెళ్ళను చూసి ఒకటి. ఒకటి రెండు గురి తప్పాయి, మళ్ళీ సర్దుకుంది. హాలు మొత్తం లేచిందని చెబితే అబద్ధమవుతుంది, కొందరు చివరిదాకా కదల్లేదు. కానీ మామయ్య మొహం మళ్ళీ జనం వెనక ఎక్కడో కనపడకుండా పోయింది. ఈసారి ఆమె మెడ సాచలేదు.

అంతా అయ్యాక మేనేజరు వచ్చి, మధ్యలో కాస్త మందగించిందనీ, ఆదివారాలు నువ్వే చేసుకో అనీ అన్నాడు. ఈసారి నవ్వలేదు. జనం వెళ్ళిపోయారు. పిట్ట వైర్లు చుడుతుంటే మామయ్య వచ్చాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"నేను ఒక్కసారైనా మొహం మార్చానేమో చెప్పు. హాలు ఖాళీ అయినప్పుడు ప్రాణం పోయిందనుకో. అయినా నవ్వుతూనే కూర్చున్నాను. నా మొహం చూసి నువ్వు బెంబేలెత్తకూడదని ఇంటిదగ్గరే ఒట్టు పెట్టుకున్నాను."

పిట్ట తల వంచుకుని వైరు చుడుతూ ఉండిపోయింది. ఇంతలో ఆయనే, ఆ కుర్చీ మరీ ఎదురుగా ఉంది, వచ్చే ఆదివారం ఎక్కడ కూర్చోమంటావని అడిగాడు.

"నాకు కనపడని చోట కూర్చో మామయ్యా. నీ మొహం కనిపిస్తే నేను పాటలు వెయ్యలేను."

మామయ్య మొహం చిన్నబోయింది. అది చూడలేక పిట్ట ఉన్నదంతా చెప్పేసింది. మూతి బిగిస్తే ఏం చేసేదో, కనుబొమ్మలు లేస్తే ఏం చేసేదో, గడ్డం సంగతీ అన్నీ. ఇవాళ హాలు ఎందుకు ఖాళీ అయిందో కూడా చెప్పింది. మామయ్య దగ్గర్లో ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన మొహాన్ని ఎవరో పదకొండేళ్ళు అద్దెకు వాడుకున్నట్టు చెంపలు తడుముకున్నాడు.

"నాకు మోకాలు సలిపినా మూతి బిగిస్తానే అమ్మా," అన్నాడు చివరికి.

"బిగిస్తావు."

"మీ అత్తయ్య పొద్దున అన్న మాటలు గుర్తొచ్చినా బిగిస్తాను."

"అప్పుడూ మార్చాను."

మామయ్యకు నవ్వొచ్చింది. ఆయన మోకాలి నొప్పికీ, ఇంట్లో పోట్లాటలకీ పాటలు మారితే ఇంతమంది ఇన్నేళ్ళు ఆడారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆయన కళ్ళు చిన్నవి చేసుకుని ఏదో ఆలోచించాడు. పిట్ట ఇంకో వైరు అందుకుంది.

"మార్చమని నా మొహం చెప్పింది, సరే. ఏ పాట వెయ్యాలో ఎప్పుడైనా చెప్పిందా?"

పిట్ట చెయ్యి వైరు మీద ఆగిపోయింది.

"లేదు మామయ్యా," అంది.